దీవెన కోసం ప్రార్థన మనవి

నాకు కోపమెక్కువని మా పేటలో అందరికీ తెలుసు. జీడిపప్పు ఫేక్టరీలో నా పక్కన కూకుని పొట్టు తీసే ఆడోల్లు కూడా నా మొహం సూసుకునే నోరిప్పుతారు. కానీ ఈ సంగతి ఇంటే మీకూ కోపమే వత్తాది.

దీవెన నా తోడబుట్టిన అప్ప నయోమి కూతురు. అందరం ఒక్కింట్లోనే ఉంతాం. పలాసలోనే డిగ్రీ సదువుతంది. గొంతు మంచిది. మొన్న క్రిస్మస్‌కి మా బాప్టిస్టు సర్చిలో ఒక్కర్తీ నిలబడి పాట పాడింది. పైకెత్తుకున్న కాడ గొంతు జీరపోయి కీసుమంది. గొంతన్నాక జీరపోదేటి? ఆ కాస్త ముక్కనీ దాని కాలేజీ గుంటడెవుడో సెల్లులో తీసి, ఎనకాల మేక అరుపు తగిలించి ఇన్‌స్టాలో ఎట్టీసినాడు. అక్కణ్ణించి పిల్లని పేరెట్టి పిలిసినోడు ఒక్కడూ నేడు, అందరికీ అది మేకే. కింద ఎదవలు రాసిన రాతలు నాను సదివినాను. ఫోను గోడకేసి కొడదామనుకున్నాను గానీ, అది మా ఆయనది.

పిల్ల కాలేజీ మానీసింది. తల దువ్వుకోదు, పలకరిత్తే పలకదు, కంచం ముందర కూకుని మెతుకులు కెలుకుతాది. మా అప్ప ఎవులికి సెప్పుకుంతాది? పాస్టరు గారి భార్య రెబెక్కమ్మ గారికి సెప్పుకుంది. మాకు కట్టమొత్తే అదే దారి. జొరమైనా, పరీచ్చలైనా, సముద్రం మీదకెల్లిన పడవ రాకపోయినా, స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి ఎడతారు. అందరూ ఎక్కడోల్లక్కడ మోకాల్లేత్తారు.

రెబెక్కమ్మ గారు ఎట్టినారు. మన సంఘం బిడ్డ దీవెన కోసం బారంతో ప్రార్థన చెయ్యండని రాసినారు. ఏ దీవెనో, దానికేటయిందో తెలియొద్దా అని, ఆ వీడియో కూడా కిందన తగిలించీసినారు.

ఓలమ్మ, ఏటి సెప్పమంతారు! అంతవరకూ కాలేజీలో ఉన్నది సాయంత్రానికి టెక్కలి సంఘానికెల్లింది. అక్కణ్ణించి వజ్రపుకొత్తూరు ఎల్లింది. ప్రార్థన సెయ్యండనే అందరూ రాసినారు, వీడియో అందరూ పంపినారు. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి మూకుడుందేటి? టెక్కలి నుంచి మాకు పెద్దమ్మ వరసయ్యే ముసిలామె ఫోను సేసింది. దీవెనే ఎత్తింది. "సూసినానే బిడ్డా, మా ఈదిలో అందరం సూసినాం" అన్నాదంట. పిల్ల ఫోను నేల మీదెట్టి, గదిలోకెల్లి గడియేసుకుంది.

నాను పనిలోంచి వచ్చీసరికి మా అప్ప ఆ తలుపు బాదుతంది. అప్పుడే డయాలసిస్ సేయించుకొచ్చి మంచం మీద వాలిన బావ, లేవనేక, "తల్లీ, తల్లీ" అని పిలుత్తన్నాడు. లోపల్నుంచి ఉలుకూ నేదు, పలుకూ నేదు. పెరట్లోకి పరిగెట్టి కిటికీ సందులోంచి సూత్తే, గోడకి ఆనుకుని కూకుంది. కల్లు తెరిసే ఉంది గానీ నన్ను సూడనేదు. ఆ సూపుకి నాకు బయమేసింది.

ఎవులూ నవ్వనేదమ్మా, నీ కోసం అందరూ ఏడత్తన్నారని మా అప్ప తలుపవతల నుంచి సెప్తంది. నవ్వినోడి పల్లు రాలగొడతానని నాను సెప్పినాను.

ఇంతలో రెబెక్కమ్మ గారు వచ్చినారు. ఆమెని మెట్టు మీదే నిలబెట్టీసి, పాస్టరమ్మని కూడా సూడకండా నోటికొచ్చిందల్లా అనీసినాను. గ్రూపులోంచి తీసీసినారంట, కానీ అప్పటికే ఊళ్ళు దాటిపోయిందంట. సెప్పులిడిసి లోపలికొచ్చి, గది గుమ్మం ముందర నేల మీద కూకున్నారు. ఆ వీడియో పంపడం తనదే తప్పని దీవెనకి సెప్పినారు. అలాగే కూకున్నారు.

శానా సేపటికి లోపల్నుంచి గొంతొచ్చింది.

"అమ్మగారూ, అది సూసినప్పుడు మీరు నవ్వినారా?"

నేదనమని మా అప్ప సైగ సేసింది. నాను కల్లురిమినాను. రెబెక్కమ్మ గారు మా వేపు సూడనేదు.

"నవ్వేనమ్మా. మొదట నవ్వేను. నీ మొహం చూసి ఆపుకున్నాను. నాకు సిగ్గేసింది."

అయిపోయింది, ఈవిడ పిల్లని సంపీసిందనుకున్నాను. అంతలో గడియ తీసిన సప్పుడైంది.

దీవెన వచ్చి ఆమె పక్కన కూలబడింది. ఇంట్లో అందరూ నవ్వనేదు, నవ్వనేదు అంతంటే, తనకే పిచ్చెక్కిందేమో అనుకున్నాదంట. ఆ మాట సెప్పి తల దించుకుంది.

"నాకు బతకాలని లేదు అమ్మగారూ. శానా రోజుల్నుంచీ లేదు."

పక్క గదిలో పడుకునీ దాన్ని, నాకు ఈ మాట తెలీదు. ఏడుపాగనేదు నాకు. రెబెక్కమ్మ గారు ప్రార్థన సేద్దామననేదు. పిల్ల సెయ్యట్టుకుని, రేపు శ్రీకాకుళంలో మానసిక డాక్టరు దగ్గరికి తనే తీసుకెల్తానన్నారు. నలుగురికీ తెలిత్తే ఏటనుకుంతారో అని మా అప్ప నసిగింది.

"నా ఒంట్లో రగతం కడిగించడానికి తిప్పుతన్నావు గదేటి నయోమీ," అన్నాడు బావ మంచం మీంచి. "నాకైతే సిగ్గునేదు, దానికేటి సిగ్గు?"

మా అప్ప దారి కర్సులకని కొంగుముడి ఇప్పింది. పొద్దున్న రైలు ఎన్ని గంటలకని దీవెనే అడిగింది.