యెనో మాస్టారు వాయించిన రికార్డు

మా బృందం పేరు కొహో. హంగరీ భాషలో కొలిమి అని అర్థం. మిష్కోల్ట్స్ ఉక్కు కర్మాగారం నీడలో పెరిగినవాళ్ళం కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాం. మా మొదటి రికార్డు అట్ట వెనక డ్రమ్స్ అన్నచోట నా పేరే ఉంటుంది. కానీ అందులో నేను వాయించిన దెబ్బ ఒక్కటీ లేదు.

ఆ రోజుల్లో హెవీ మెటల్ సంగీతమంటే ప్రభుత్వ రికార్డు కంపెనీ మొహం చిట్లించేది. ఏళ్ళ తరబడి తిరగ్గా తిరగ్గా చివరికి బుడాపెస్ట్ స్టూడియోలో చోటిచ్చారు. సరిగ్గా అప్పుడే నాకు సైన్యం పిలుపు వచ్చింది. గుండు గీసి ఆస్ట్రియా సరిహద్దు దగ్గర బారక్స్‌లో పడేశారు.

చూడ్డానికి రానిచ్చే ఆదివారం మా గాయకుడు తిహామేర్ వచ్చాడు. వాడి పొడుగు జుట్టు చూసి కాపలావాడు "అమ్మాయిగారు ఎవరి తాలూకు?" అన్నాడు. ఇంకో రోజైతే వాడు తిరిగి నాలుగు అంటించేవాడు. ఆరోజు నోరెత్తలేదు. అప్పుడే నాకు సంగతి అర్థమైంది.

"కంపెనీ ఆగనంటోందిరా బెర్ట్సీ. ఇప్పుడు కాదంటే మన చోటు ఇంకొకళ్ళకి పోతుంది."

"ఎవడో ఒకణ్ణి పెట్టుకోండి," అన్నాను.

"పెడితే? నువ్వొచ్చేసరికి నీ స్టూలు మీద వాడు పాతుకుపోయి ఉంటాడు. తర్వాత లెమ్మంటే లేస్తాడా?"

ఆ స్టూలుమీద ఆశపడని డ్రమ్మర్ నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు.

"యెనో మాస్టారిని అడుగు."

తిహామేర్ పగలబడి నవ్వాడు. "ఆయనా! మన పాట వింటే పళ్ళు కదులుతున్నాయన్నాడు!"

యెనో మాస్టారు నాకు కర్ర పట్టుకోవడం నేర్పినాయన. అరవై దాటాయి. వేడినీటి బుగ్గల స్నానాల రిసార్టు పక్క రెస్టారెంట్లో రోజూ టై కట్టుకుని, భోజనాలకొచ్చినవాళ్ళకి టాంగోలు, వాల్ట్జుల్లాంటి నాట్యపాటలు వాయించేవాడు, పెళ్ళిళ్ళకీ వెళ్ళేవాడు.

తర్వాత జరిగిందంతా ఆయన భార్య అరంక పిన్ని చెప్పగా విన్నాను. మేము సాధన చేసుకున్న టేపు తీసుకుని మాస్టారు సెల్లార్లోకి దిగాడట. బొగ్గు ఓ మూలకి నెట్టి, నా డ్రమ్ములు తెప్పించుకుని, మధ్యాహ్నాలంతా అక్కడే. ఆయన జన్మంతా ఒక కాలితోనే పెద్ద డ్రమ్ము కొట్టాడు. మా పాటలకి రెండు కాళ్ళూ గుర్రాల్లా పరిగెత్తాలి. సాయంత్రానికి మోకాళ్ళు వాచిపోయేవట. పిన్ని పాలింకా సారా పోసి మర్దనా చేసేది. "సగం మోకాళ్ళకి, సగం గొంతులోకి పోసుకునేవాడు నీ మాస్టారు," అంది నాతో.

స్టూడియోలో ఇంజనీరు ఆయన్ని ఒకచోట ఆపాడట. "పెద్దాయనా, పల్లవి ముందు మీరు తొందరపడుతున్నారు. కాస్త నిలకడగా వాయించండి."

"ఆ కుర్రాడు అక్కడ ఎప్పుడూ తొందరపడతాడయ్యా. చిన్నప్పట్నించీ వాడికదే రోగం. ఇది వాడి రికార్డు. నేనూ తొందరపడతాను."

అట్టమీద ఎవరి పేరు వేయాలని అడిగితే నాదే చెప్పాడు.

సెలవు దొరకగానే, తిహామేర్ పంపిన రికార్డు చంకలో పెట్టుకుని ఆయన ఇంటికి పరిగెత్తాను. బారక్స్‌లో దాన్ని వినలేదు. ఆయన ఎదుటే విన్నాను. పల్లవి ముందు ఆ తొందర వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"అంత ఘోరంగా వాయించానా?" అన్నాడు.

"మీ పేరెందుకు వేయించుకోలేదు మాస్టారూ?"

"నా పేరు చూస్తే ఇంకెవడైనా పెళ్ళికి పిలుస్తాడటరా నన్ను? పెళ్ళికూతురు పారిపోతుంది. ఏడుపాపి రొట్టె తిను." పందికొవ్వు రాసి, పైన ఉల్లిపాయ చక్రాలు పెట్టిన రొట్టె నా ముందుకు తోశాడు. కృతజ్ఞతలు చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఇంకో ముక్క తోశాడు.

సైన్యం నుంచి వచ్చాక కర్మాగారం సాంస్కృతిక భవనంలో మా మొదటి కచేరీ జరిగింది. హాలు తోలుజాకెట్లతో కిక్కిరిసిపోయింది. నేను కర్రలు కింద పెట్టి మైకు దగ్గరకు వెళ్ళాను.

"మీరు ఇంట్లో వింటున్న ఆ డ్రమ్స్ నావి కావు," అన్నాను. "వాయించినాయన మూడో వరసలో ఉన్నాడు. నా గురువు. నేను లేనన్నాళ్ళూ నా చోటు ఇంకొకళ్ళకి పోకుండా కాపాడి, నాకే తిరిగిచ్చాడు."

జనం ఆయన్ని చేతులమీద ఎత్తి వేదిక మీదకి పంపేశారు. "దింపండర్రా వెధవల్లారా, ఆయన కళ్ళజోడు పడిపోతుంది!" అని పిన్ని వెనకనుంచి అరుస్తూనే ఉంది. మాస్టారు టై సర్దుకుని, రెస్టారెంట్లో వంగినట్టే మర్యాదగా వంగి నమస్కరించి, స్టూలు ఎత్తు తగ్గించుకుని కూర్చున్నాడు.

"ఒక్క పాటేరా," అన్నాడు నాతో. "మోకాళ్ళు ఒప్పుకోవు."

మూడు వాయించాడు. నేను పక్కన నిలబడి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.