సైమాకు మోగని గంట

రుటబాగా దుంపను కోయడమంటే కత్తితో కుస్తీ పట్టడమే. పైన మైనం పూత, లోపల రాయి. అయినా పాస్టీ పిండిమడతలో మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయతోపాటు అది పడాల్సిందే. దానికి బదులు క్యారెట్ వేసిన కోడలి గురించి మా ఊళ్లో మూడు తరాలదాకా చెప్పుకుంటారు. ఏటా నవంబరు రెండో శనివారం, ‘ఎల్డన్ క్రేమర్’ అనే ఓడ మా సముద్రమంత సరస్సులో మునిగిపోయిన రోజును తలచుకునేందుకు, చర్చి కింది వంటగదిలో నూటపది పాస్టీలు చేస్తాం. చేస్తాం అంటే ఆడవాళ్లం. మగవాళ్లు పైన కుర్చీలు వేస్తారు. నూటపది పాస్టీలకు మేం ఐదుగురం, అరవై కుర్చీలకు వాళ్లు తొమ్మిదిమంది. కుర్చీలు వేసి అలసిపోయి, కాఫీ అయిందా అంటూ కిందికి దిగుతారు.

“ఇర్మా, ఇవాళ నీ చేతిలో కత్తి చూస్తే భయమేస్తోంది,” అన్నాడు వాళ్లలో ఒకాయన నవ్వుతూ.

“భయపడితే మంచిదే. ఆ కప్పు కడిగి పెట్టి వెళ్లు,” అన్నాను. ఆయన ఇంకా నవ్వుతూనే కప్పును తొట్టిలో పడేసి వెళ్లాడు.

మా ఆయన లైల్ నావికుల సంఘానికి కార్యదర్శి. మంచి గొంతు. ఏటా ఆ ఇరవై ఆరుగురి పేర్లూ అతనే చదువుతాడు. పేరు చదవగానే ఆ ఇంటివాళ్లు ఎవరో ఒకరు ముందుకు వచ్చి, తాడు పట్టుకుని ఒక్కసారి గంట కొడతారు. ఓడ వంటవాడు అర్విడ్ కోస్కెలాకు నేను కొడతాను. ఆయన మా నాన్న. ముప్పై ఎనిమిదేళ్లుగా, కింద పొయ్యిలో రెండో వాయి పెట్టి, మైకులో నాన్నకు ముందు పేరు ‘జాన్సన్’ వినపడగానే ఏప్రన్‌తోనే మెట్లెక్కి, గంట కొట్టి, వాయి మాడకముందే దిగిపోతాను. ఒకసారి చేతికి పిండి ఉందని మా అత్తగారు అందరి ముందూ అన్నారు, “తండ్రి కోసమైనా చేతులు కడుక్కోకూడదుటే?” అని. ఆ పిండితో చేసినవి ఆవిడే రెండు తిన్నారు.

ఆ ఓడలో ఇరవై ఏడో మనిషి ఉంది. మా అమ్మ సైమా.

ఆ నవంబరులో నాన్న కింద పనిచేసే రెండో వంటవాడు గొడవపడి దిగిపోయాడు. సీజను చివర, ఇంకొకడు దొరకడు. నాన్న ఇంటికి ఫోను చేసి, “ఒక్క ట్రిప్పే సైమా, వచ్చి కాస్త చెయ్యి సాయం చెయ్యి, నీకూ సరస్సు చూసినట్టుంటుంది,” అన్నాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. అమ్మ నన్ను మేనత్త ఇంట్లో దింపి, ఉన్ని కోటు వేసుకుని వెళ్లింది. వంటవాడి పెళ్లాం వంటగదిలో చేతులు కాల్చుకుంటే దానికి జీతం ఎవరిస్తారు? ఓడ కాగితాల్లో ఆవిడను అతిథి అని రాసుకున్నారు.

డులుత్ రేవులో ఇనుప ఖనిజం నింపుతున్నప్పుడు అమ్మ నాకొక ఉత్తరం వేసింది. అది నాకు కంఠతా వచ్చు. ‘నేను అతిథినట, ఇర్మా! అతిథి పొద్దున్నే నాలుగింటికి లేచి ఎనభై బన్నులు, ఆరు యాపిల్ పైలు చేసింది. మీ నాన్న ఆరింటికి లేచి గుడ్లు పగలగొట్టాడు, అందులో సగం గిన్నె బయటే. నా బన్ను తిని కెప్టెన్ ఆయన భుజం తట్టాడు. ఆయన తట్టించుకున్నాడు. నువ్వు మాత్రం వేళకు తిను.’ ఉత్తరం నాకు చేరేసరికి ఓడ మునిగి రెండు రోజులయింది. ఒక్కరి శరీరమూ దొరకలేదు. “పోనీలే, ఇద్దరూ కలిసే పోయారు,” అంది మేనత్త. ఆ మాటతో అమ్మ సంగతి ముగిసిపోయింది.

ఇన్నేళ్లూ నేనూ అడగలేదు. ఆ సిగ్గు నాదే. లేచేసరికి పిల్లల డబ్బాలు, బడి వంటగదిలో నా ఉద్యోగం, వస్తూనే అత్తగారి మందులు, వీటి మధ్య చచ్చిపోయిన అమ్మకు ఏం కావాలో నేను ఆలోచించలేదు. ఈ ఏప్రిల్‌లో ఒడ్డున కొత్త నల్లరాయి పెట్టారు. పేర్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. కోస్కెలా అర్విడ్, వంటవాడు. దాని కిందే లెహ్టో. మధ్యలో దారమంత సందు కూడా వదల్లేదు. అప్పుడు కడుపులోంచి ఏడుపొచ్చింది. ఏళ్లనాటి ఏడుపు.

ఆ లెహ్టో భార్య ఓల్గా ఇంకా బతికే ఉంది. ఎనభై ఏడేళ్లు. మా పక్క ముసలివాళ్లకు ఒక నమ్మకం ఉంది. గంట మోగినవాళ్లే ఆ చలికాలం సరస్సు అడుగున నిద్రపోతారట, మోగనివాళ్లు మేలుకునే ఉంటారట. అందుకే ఓల్గా మోకాళ్లు పట్టేసినా ఎవరినీ పంపకుండా తనే వచ్చి తాడు లాగుతుంది. నేను నమ్ముతానా అంటే, నమ్మను. కానీ జనవరిలో సరస్సు గడ్డకట్టి మూలిగినప్పుడు అమ్మే గుర్తొస్తుంది.

అమ్మకూ ఒక గంట కొట్టనిమ్మని లైల్‌ను సంఘంలో అడగమన్నాను. మొన్న బుధవారం మీటింగు నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

“ఏమన్నారు?”

“ఏమంటారు? మీ అమ్మంటే అందరికీ గౌరవమే.”

“గౌరవం సరే. గంట సంగతి?”

“చూడు ఇర్మా, ఇది నావికుల కోసం చేసేది. ఆవిడ నావికురాలు కాదు. రాయి మీద ఇరవై ఆరని చెక్కించేశాం. ఇప్పుడు ఇరవై ఏడో గంట కొడితే జనం ఏమనుకుంటారు? మీ నాన్నకి కొడతావుగా, ఆవిడా అందులో వచ్చేసినట్టే.”

“నువ్వు ఎటు చెయ్యెత్తావు?”

“నేను కార్యదర్శిని. రాసుకోవడమే నా పని.” ప్లేటు నా వైపు జరిపాడు. “గ్రేవీ ఇంకాస్త ఉందా?”

లేచి వెళ్లి గ్రేవీ తెచ్చాను. తెచ్చానా లేదా? తెచ్చాను. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో కాళ్లు నా మాట వినడం మానేశాయి. కానీ ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. అరవగలను. చర్చిలో లేచి గొడవ చేయగలను. చేస్తే ఏమవుతుంది? ‘పాపం, ఆ వయసులో ఆడవాళ్లకి అలా ఉంటుంది’ అంటారు. వాళ్లకు లెక్క ముఖ్యం. సరే, లెక్కే ఉంచుదాం.

అలా అనుకున్నాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాన్నంటే నాకు ప్రాణం. చెడ్డవాడు కాదు. ఓడ దిగిన ప్రతిసారీ కోటు జేబులో నాకు నారింజపండు తెచ్చేవాడు. ఆయన్నుంచి ఏదైనా లాక్కోవడం ఇదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం మైకులో ‘జాన్సన్’ అని వినపడింది. ఏప్రన్ విప్పి మేకుకు తగిలించాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

“రెండో వాయి పొయ్యిలో ఉంది, ఎవరైనా చూడండి,” అన్నాను అలవాటుకొద్దీ. మిగతా నలుగురూ అప్పటికే పైన కాఫీ బల్ల దగ్గర ఉన్నారు. వినడానికి ఎవరూ లేరు. మెట్లెక్కాను.

“అర్విడ్ కోస్కెలా, వంటవాడు,” చదివాడు లైల్.

తాడు పట్టుకున్నాను. లాగలేదు. జనం కొంచెం కదిలారు. నా గొంతు లైల్ గొంతులా ఉండదు, మైకు కూడా నా దగ్గర లేదు. అయినా చెప్పాను.

“సైమా కోస్కెలా. వంట చేసింది. వయసు ముప్పై ఆరేళ్లు.”

అప్పుడు లాగాను. గంట మోగింది. తాడు వదిలేశాను.

లైల్ మైకు మీద చెయ్యి మూసి నా వైపు వంగాడు. మొహం ఎర్రబడింది. “ఇర్మా! ఏంటిది? మీ నాన్నకి కొట్టలేదు!”

“కొట్టలేదు. ఇరవై ఆరే ఉండాలన్నారుగా, ఇరవై ఆరే ఉంటాయి. తర్వాత పేరు చదువు.”

“మళ్లీ లాగు. ఎవరూ ఏమీ అనుకోరు.”

“ఇరవై ఏడవుతాయి. నువ్వే రాసుకున్నావు కదా, మీటింగులో.”

అతను కాగితం వైపు చూశాడు, జనం వైపు చూశాడు. నేను కిందికి వెళ్లకుండా ముందు వరుసలో ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆ కుర్చీల్లో కూర్చోవడం నాకదే మొదటిసారి. గట్టి కుర్చీలు. పక్కన ఓల్గా లెహ్టో చేతికర్ర అందుకుంటూ నా చెవిలో గొణిగింది, “మీ నాన్న పాపం ఈ చలికాలమంతా మేలుకునే ఉంటాడే పిల్లా.”

“తెలుసు, ఓల్గా.” కళ్లలో నీళ్లు ఆగలేదు. తుడుచుకోలేదు కూడా.

“లెహ్టో,” అన్నాడు లైల్ చివరికి. ఓల్గా లేచి గంట వైపు నడిచింది. కింద పాస్టీలు మాడుతున్న వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. మగవాళ్లు ఒక్కొక్కరే తల తిప్పి నా వైపు చూశారు. నేను లేవలేదు.

ఈ చలికాలం అమ్మ పడుకుంటుంది. పొద్దున్నే నాలుగింటి బన్నులు నాన్న చేస్తాడు.