యాడికీ పోని ఆడవాళ్లు

తెల్లవారగానే ఆటో కడగడం కృపాకుమారి పని. ఎవరు అప్పగించారో, ఎప్పుడు అప్పగించారో గానీ, పెళ్లయిన కొత్తలోనే ఆ పని ఆమె కొంగుకు ముడిపడిపోయింది. కొళాయి రోజు మార్చి రోజు వచ్చే బుక్కరాయసముద్రంలో బండి మొత్తానికి ఒకటే బకెట్టు. ముందు అద్దం, తర్వాత సీట్లు, ఆఖర్న మిగిలిన మురికినీళ్లతో చక్రాలు. నిన్న ఎక్కినవాళ్లు సీటు సందుల్లోకి తోసిన చెనిక్కాయ పొట్టును గోళ్లతో తవ్వి తీయాలి. ఆమె తవ్వుతున్నంతసేపూ జోయల్ గడప మీద కూర్చుని టీ తాగుతూ ఫోన్ చూసుకుంటాడు. చెరువుకట్ట మీదుగా అనంతపురానికి షేర్ ఆటో తోలతాడతను.

"అద్దం బాగా తుడువు మే. నిన్న మరకలుండాయి. ఈ బండి నడిస్తేనే గదా ఇల్లు నడిచేది" అంటాడు, రోజూ కొత్తగా కనిపెట్టినట్టు.

ఇంత కడిగిన బండిలో ఆమె ఎన్నడైనా కాలు చాపుకుని కూర్చుందా అంటే, అదొక కథ. షేర్ ఆటోలకు ఒక కట్టుబాటు ఉంది. డ్రైవరు ఇంటి మనిషికి సీటు ఖాళీగా ఉన్నంతవరకే. దారిలో కిరాయి మనిషి చెయ్యెత్తితే ఇంటి మనిషి వెనక సామాన్ల చెక్క మీదికి జరగాలి, అక్కడా చోటు లేకపోతే దిగిపోవాలి. స్టాండులో అందరి పెళ్లాలకూ ఇదే పద్ధతి, ఎవరూ తప్పనుకోరు. పాప కడుపులో ఉన్నప్పుడు, స్కానింగు చేయించుకుని వస్తుంటే, చెరువుకట్ట నడుమ ఆమెను దించేశాడు జోయల్. "దగ్గరే గదా, మెల్లగ నడ్సుకుంటా రా. వచ్చిన కిరాయి పోగొట్టుకుంటామా?" అన్నాడు. ఆమె లేచిన సీట్లో ఒక పెద్దమనిషి బెల్లం బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని హాయిగా సర్దుకున్నాడు. ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో కట్ట మీద నడుస్తూ కృప ఏడవలేదు. ఏడ్చి ఉంటే మరిచిపోయేదేమో. పాపకు ఇప్పుడు బడికి పోయే వయసొచ్చింది, ఆ చోటు వచ్చినప్పుడల్లా కృపకు పాదాలు ఇంకా చురుక్కుమంటాయి.

డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఆమెకు ఈ ఎండాకాలంలో ఒక ఏజెన్సీలో సర్వే పని దొరికింది. రవాణా రంగం పనితీరును కొలిచే సర్వే. రోడ్లెలా ఉన్నాయి, బస్సులు వేళకు వస్తున్నాయా, జనం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారు, ఇవన్నీ ఊరూరా అడిగి ట్యాబులో ఎక్కించాలి. దాన్ని చూసే పైవాళ్లు ఏ దారికి బస్సు పెంచాలో, ఏ దారికి తీసేయాలో తేలుస్తారట. ట్రైనింగులో సూపర్‌వైజర్ విజయభాస్కర్ ఒక మాటన్నాడు: "దేశం ఎంత ముందుకు పోయిందో తెలియాలంటే జనం ఎంత కదులుతున్నారో కొలవాలి." ఆ మాట కృపకు బాగా నచ్చింది. ఆమె పని అతనికీ నచ్చింది. తర్వాతి విడత కదిరి వైపు సర్వేకి సూపర్‌వైజర్‌గా ఆమె పేరే రాస్తానన్నాడు. సూపర్‌వైజరుకు జీపు ఇస్తారు. ముందు సీటు. ఎవరు చెయ్యెత్తినా దిగనక్కర్లేని సీటు. ఆ సీటును ఆమె మనసులో ఎన్నిసార్లు ఎక్కి కూర్చుందో లెక్కలేదు.

సర్వేలో అసలు ప్రశ్న ఒకటే: నిన్న యాడికి పోయినారు? మగవాళ్లు వేళ్లు మడిచి మరీ చెప్పేవాళ్లు. చేనికి పోయినా, టీ అంగడికి పోయినా, పంచాయితీకి పోయినా. ఆడవాళ్లను అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. "నేనా? నేను యాడికీ పోల్యా." కృప సున్నా కొట్టేది. అబద్ధమని ఆమెకూ తోచలేదు మొదట్లో. ఆ పల్లెల్లో పోవడమంటే మడత చీర కట్టి, తల దువ్వి, తలుపుకు తాళం వేసి, బస్సెక్కడం. మిగతాదంతా ఇంట్లో ఉండటమే. ఇల్లు ఊరవతల చేను దాకా, చేను దాటి చెరువు దాకా సాగినా సరే, అది ఇల్లే.

అక్కమ్మ దగ్గర ఆ సున్నాకు కాలు అడ్డం పడింది. చెరువు అవతల మెట్ట ఊరు. ట్యాబు పట్టుకుని కృప అరుగు మీద కూర్చుని ఉండగా ఆ పెద్దామె తల మీద గడ్డిమోపుతో వచ్చింది, మోపు కింద పడేసింది, చెమట తుడుచుకుంటూనే "నేను యాడికి పోతా తల్లీ, ఇంట్లో దాన్ని" అంది.

కృపకు నవ్వాగలేదు. "మరి ఈ గడ్డి యాడిదక్కా?"

"చెరువు తావ కోసుకొచ్చినా."

"అది పోవడం కాదా?"

"అది పోవడమేమి? అది పని గదా!"

ఆ మాటతో కృప చెయ్యి ట్యాబు మీద అలాగే నిలిచిపోయింది. ప్రశ్న పక్కన పెట్టి, "పొద్దున లేసినప్పటి నుంచి ఏమేమి చేసినావో చెప్పక్కా" అంది. అప్పుడు బయటికొచ్చాయి ప్రయాణాలు. నీళ్ల ప్లాంటుకు, మనవరాలితో అంగన్‌వాడీకి, ఇంటాయనకు సద్ది ఇవ్వను చేనికి, రేషన్ స్టోరుకు, స్టోరు మూసుంటే మళ్లీ స్టోరుకు, బీపీ మాత్రల కోసం తారురోడ్డు దాకా. "ముందర తెల్లారి బస్సొకటి వస్తాండె. జనమే ఎక్కలేదని తీసేసినారు. అది పొయ్యేటప్పుడు మేమంతా నీళ్లకాడ ఉంటిమి, యాడెక్కుతాం?" అంది అక్కమ్మ. మంచం మీద పడుకున్న ఆమె మొగుడు కుళ్ళాయప్ప తల కూడా ఎత్తకుండా, "అవన్నీ రాస్తే నీ పలక పగిలిపోతాది లేమ్మా" అన్నాడు.

పగలలేదు. కృప తను తిరిగిన ఊళ్లన్నీ మళ్లీ తిరిగి, ఈసారి అడిగే తీరు మార్చి అడిగింది. శుక్రవారం ఆఖరుగా అక్కమ్మ ఊళ్లో మిగిలిన ఇళ్లు ముగించి, పొలాల మధ్య నడిచి వస్తుంటే ఫోన్ మోగింది. విజయభాస్కర్.

"కృపా మేడం, ఎక్కడున్నారు?"

"అక్కమ్మ వాళ్ల ఊరి దారిలో ఉండా సార్. నడుస్తాండా."

"మీ ఊళ్లల్లో ఆడవాళ్లు మగవాళ్లకన్నా ఎక్కువ తిరుగుతున్నట్టు వస్తోంది. పైన చూస్తే నవ్వుతారు."

"నిజంగానే తిరుగుతాండారు సార్."

"నడక రవాణా కాదు మేడం. చక్రం ఉండాలి. మనం కొలిచేది చక్రాల పనితీరు."

"చక్రమే రాని ఊళ్లో ఏది కొలుస్తాం సార్?"

అతను చెడ్డవాడు కాదు, అరవడు కూడా. "రేపు పొద్దున మీ ఇంటికే వస్తా. మీ వీధి ఎలాగూ సర్వేలో ఉంది. ఎలా అడగాలో మీ ఇంట్లోనే చేసి చూపిస్తా. ఆ ఊళ్లవి సరిచేసి నా ముందే పైకి పంపేయండి. కదిరి పోస్టు మాట కూడా రేపే తేల్చేద్దాం" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో చెబితే అత్త ఎలిజబెత్ మోకాళ్లకు నూనె రాసుకుంటూ, "సారు చెప్పినట్టు చెయ్ కృపా. ఊరోళ్ల సంగతి మనకేల?" అంది. జోయల్ అయితే వినను కూడా వినలేదు. గుమ్మంలో ఉన్న ఆమె చెప్పులను కాలితో పక్కకు నెట్టి, "ఊర్ల దుమ్మంతా ఇంట్లోకి తెస్తావేమే" అన్నాడు.

శనివారం పొద్దున్నే జీపు వచ్చింది. జోయల్ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. విజయభాస్కర్ ట్యాబు తెరిచి, కృప వైపు చూసి నవ్వి, "చూడండి మేడం. ఇంటి యజమానిని అడగాలి, సూటిగా అడగాలి" అన్నాడు. అడిగాడు. జోయల్ ఛాతీ విరుచుకుని చెప్పాడు. స్టాండుకు పోయింది, అనంతపురం ట్రిప్పులు, పెట్రోలు బంకు, మెకానిక్కు, మధ్యలో దోసె తిన్న హోటలుతో సహా. అన్నీ ఎక్కాయి.

"మీ అమ్మగారు?"

"మాయమ్మకు మోకాళ్లు సార్. యాడికీ పోదు."

"మీ మిసెస్?"

"ఆమెనా? యాడికీ పోల్యా సార్. ఇంట్లోనే."

విజయభాస్కర్ వేలు సున్నా నొక్కింది.

టీ పళ్లెం పట్టుకుని కృప అక్కడే నిలబడి ఉంది. మెడలో సర్వే కార్డు కూడా ఉంది. నిన్న పొద్దున పాపను బడిలో దింపింది. అత్తను భుజం మీద మోసినట్టే నడిపించుకుంటూ ఆస్పత్రికి తీసుకుపోయి సూది వేయించుకొచ్చింది. తర్వాత చెరువు చుట్టూ తిరిగి అక్కమ్మ ఊరికి పోయింది. నడుస్తున్నానని ఈ సారుకే ఫోన్‌లో చెప్పింది. ఆ దుమ్మునే ఈ మొగుడు కాలితో నెట్టాడు. పంపినవాడు ఒకడు, దుమ్ము చూసినవాడు ఒకడు, ఇద్దరూ కలిసి ఆమెను ఇంట్లో కూర్చోబెట్టేశారు. వాళ్లు అబద్ధం చెప్పి ఉంటే ఆమెకు ఇంత కోపం వచ్చేది కాదు. చెప్పలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకున్నారు. కట్ట మీద దించినప్పుడు రాని కోపం, ఇన్నేళ్లుగా బకెట్టులో ముంచి పిండేసిన కోపం, అప్పుడు వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమె రచ్చలో అందరి సున్నాలూ చెరిపి వచ్చింది, ఇంట్లో తన సున్నా అలాగే ఉంది.

"ఆ సున్నా నాదేనా సార్?" అంది.

విజయభాస్కర్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, సారీ మేడం. ఆయన చెప్పింది కొట్టేశాను. మీది ఉద్యోగం కదా, మీది రాస్తాను."

"మా అత్త ఆస్పత్రికి పోయింది. అది?"

"దేంట్లో పోయారు?"

"నా భుజం పట్టుకోని."

"అది మరి… నడక కదా."

లోపలి గదిలోంచి ఎలిజబెత్ గొంతు వచ్చింది. "నేను పోయింది నిజమే నాయనా. సూది గుచ్చిన తావ ఇంగా వాచే ఉండాది. కావాలంటే వచ్చి చూడు."

జోయల్ మొహం మాడిపోయింది. "మే, సారు ముందర ఏమిది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది."

"పడనీ" అంది కృప. పళ్లెం గట్టు మీద పెట్టింది. తన ట్యాబు తీసి, జోయల్ పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది. అక్కమ్మ ఊరు, ఆ పక్క ఊళ్లు, అన్నీ తెరిచి విజయభాస్కరుకు కనిపించేలా పట్టుకుంది. "ఒక్కటీ సరిచేయలేదు సార్. ఉన్నది ఉన్నట్టు పంపుతాండా" అని నొక్కింది.

"పైన తీసేస్తారు మేడం."

"తీసెయ్యనీండి. వాళ్ల చేత్తో తీసెయ్యాల. నా చేత్తో కాదు."

"కదిరి సంగతి?"

"ఇంకొకరిని చూసుకోండి సార్."

అతను టీ తాగి, కప్పు కింద పెట్టి లేచాడు. అతనే తోలుకుపోయిన జీపులో పక్కనున్న ముందు సీటు ఖాళీగానే వెళ్లింది. సందు తిరిగేదాకా కృప దాన్నే చూస్తూ నిలబడింది. బాధగానే ఉంది, ఎందుకు దాచాలి? ఆ సీటు ఆమెకు నిజంగా కావాలి. కానీ అక్కమ్మను ఇంట్లో కూర్చోబెట్టి, తను జీపెక్కడం ఆమెవల్ల కాలేదు. "చేతికొచ్చిన పోస్టు పోగొట్టుకుంటివి" అని జోయల్ ఆదివారం చర్చి నుంచి వచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున బకెట్టు కొళాయి దగ్గరే బోర్లించి ఉంది.

"బండి కడగల్యా?" అన్నాడు జోయల్ టీ కప్పుతో.

"తోలేది నువ్వు గదప్పా. నువ్వు కడుక్కో."

ఆమె కదలకపోయేసరికి అతను తిట్టుకుంటూ తనే గుడ్డ తీసుకున్నాడు. అద్దం ఒక్కటి తుడిచి, అయిందనిపించాడు. ఈలోపు కృప గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. తెల్లవారి బస్సు మళ్లీ వేయమని, ఈసారి ఆడవాళ్లకు వీలయ్యే వేళకు వేయమని అడగడానికి అక్కమ్మా, ఇంకొంతమందీ తారురోడ్డు దాకా నడిచి, అక్కడ ఏదో ఒకటి పట్టుకుని వస్తామన్నారు. కృప ఆటో ఎక్కి నడిమి సీట్లో కూర్చుంది. స్టాండులో జనం ఎక్కారు. వెనక చెక్క మీద కూడా ఇద్దరు కూర్చున్నారు.

చెరువుకట్ట మీద, సరిగ్గా ఆ చోటనే, సంచి పట్టుకుని ఒక మనిషి చెయ్యెత్తాడు. అలవాటైన కాలు బ్రేకు మీద పడింది. జోయల్ తను తుడిచిన అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"మే, కొంచెం దిగి…"

కృప వెనక్కి ఆనుకుని, కాళ్లు చాపుకుంది.

"సీటు నిండిందన్నా, వెనక బండి వస్తాండాది" అని ఆ మనిషితో చెప్పింది. తర్వాత అద్దంలో మొగుడి కళ్లలోకి చూసింది.

"నేను పోతాండా. బండి పోనీ."