భుజం కోసిన గిటార్

రెండేళ్ల తర్వాత తమ్ముడు కార్ఖానా గుమ్మంలో కనబడేసరికి అక్క చేతిలోని చిత్రిక చెక్క మధ్యలోనే ఆగిపోయింది. వాడు లోపలికి రావాలా, వెనక్కి పోవాలా తేల్చుకోలేనట్టు నిలబడ్డాడు.

"రా. నిన్నెవరూ కొరకరు," అంది అక్క.

ఆ కార్ఖానా తండ్రిది. జీవితమంతా అందులో గిటార్లు చేసి పోయాడు. ఆయన చేతులు కూతురికి, చెవులు కొడుక్కి వచ్చాయని చుట్టాలు అనేవాళ్లు. అక్క చేసేది, తమ్ముడు వాయించేవాడు. వాడికి స్పెయిన్ వాళ్ల ఫ్లమెంకో సంగీతమంటే ప్రాణం. కుడిచేతి వేళ్లు విసనకర్రలా విప్పి తీగల మీద విసురుతూ, మధ్యమధ్య గోటితో చెక్క మీద దరువేస్తూ వాయించే ఆ పద్ధతికి పల్చటి సైప్రస్ చెక్క గిటారే కావాలి. అలాంటివి అక్క వాడికి నాలుగు చేసిచ్చింది.

ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయిందీ ఒక గిటార్ దగ్గరే. అక్క చేసిన మొదటి కటవే, అంటే భుజం కోసిన గిటార్ అది. మెడకు ఒక పక్కనుండే గుండ్రటి భుజాన్ని లోపలికి వంపు తిప్పి కోసేస్తే, మెడ దిగి పొట్ట మీదికి వచ్చే చివరి మెట్ల దాకా ఎడమచెయ్యి అడ్డులేకుండా పోతుంది. సన్నటి పైస్వరాలన్నీ అక్కడే ఉంటాయి. ఆరు నెలలు కష్టపడి చేసిన దాన్ని ఆమె మురిసిపోతూ పదిమంది ముందు తమ్ముడి చేతికిచ్చింది. వాడు నాలుగు దరువులేసి తిరిగిచ్చేశాడు. "భుజం నరికాక ఇంక గొంతెక్కడిదక్కా? ఇది చేతకానివాళ్ల గిటార్. నాన్నుంటే నీ చేతిలో ఉలి లాగేసుకునేవాడు," అన్నాడు. పదిమందీ ఘొల్లున నవ్వారు. అక్క మొహం మాడిపోయింది.

ఇప్పుడు వాడే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "అక్కా, నాకో గిటార్ చేసిపెట్టాలి."

"ఎలాంటిది?"

"కటవే."

అక్కకు కడుపు చల్లబడింది. రెండేళ్లు మనసులో నూరుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. "ఏంటేంటి? మళ్లీ చెప్పు, సరిగ్గా వినబడలేదు."

"కటవే అన్నాను."

"అయ్యయ్యో! అది చేతకానివాళ్ల గిటార్ కదరా! అంత గొప్ప విద్వాంసుడివి, నీ చేతికేం రోగం?"

వాడు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నీకు ఇష్టం లేకపోతే వద్దులే."

"ఇష్టం లేకేం? రెండూ వాయించి చూడు. ఆ తర్వాతే ఎంచుకో." ఆమె కొయ్యకు తగిలించి ఉన్న, భుజం కోయని నిండు గిటార్ ఒకటి, దాంతోపాటు ఎవరికీ ఇవ్వబుద్ధికాక అట్టేపెట్టుకున్న ఆ మొదటి కటవే తెచ్చి బల్ల మీద పెట్టింది.

ముందు నిండు గిటార్ తీశాడు. కుడిచెయ్యి పడగానే గది గదంతా మోగింది. ఆ చేతికి ఏ లోటూ లేదు. తర్వాత పైస్వరాలకు పోబోయాడు. భుజం అడ్డొచ్చే ఆ చోట బొటనవేలు మెడను వదలాలి, మిగతా వేళ్లు భుజం దాటి సాగాలి. సాగలేదు. చిటికెనవేలు తీగ మీద పడింది గానీ నొక్కలేకపోయింది. స్వరం రావాల్సిన చోట టప్పుమని చప్పుడొచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే చప్పుడు. కటవే అందుకున్నాడు. ఈసారి వేళ్లు తడబడినా స్వరాలు మాత్రం పలికాయి.

అక్క స్వరాలు వినడం లేదు. వాడి ఎడమచెయ్యి చూస్తోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ, ఉలితో తొలిచినట్టు గుంటపడి ఉంది.

"ఎప్పట్నుంచిరా?"

"పోయినేడాది నుంచి. నరాల జబ్బంట. ఆగదన్నారు. ఎంత తొందరగా ముదురుతుందో చెప్పలేమన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నీ చేతికేం రోగం అని తను ఇందాకే అన్నది. ఆ మాటను వెనక్కి తీసుకునే దారి లేక అక్క బల్ల మీది చెక్కపొట్టును అటూ ఇటూ జరిపింది. "దీన్నే తీసుకుపో. నీకోసమే ఉంచాననుకో," అంది.

వాడు తల అడ్డంగా ఊపాడు. "దీని గొంతు నిజంగానే మూసుకుపోయిందక్కా. నీకూ తెలుసు."

తెలుసు. మొదటిసారి భయంతో పైచెక్కను మందంగా వదిలేసింది. తప్పు కోతది కాదు, తన బెరుకుది.

"పదిమంది ముందు అనకుండా ఉండాల్సింది," అన్నాడు వాడు.

"ఆ. అనకుండా ఉండాల్సింది," అంది అక్క. ఇద్దరూ ఏడ్చారు.

మర్నాటి నుంచి ఆమె వేరే పని ముట్టుకోలేదు. పక్కచెక్కను తడిపి, కాలుతున్న ఇనప గొట్టానికి ఆనించి వంచుతుంటే, ఆ కోత దగ్గరి మలుపులో రెండుసార్లు పుటుక్కున విరిగింది. మూడోది నిలిచింది. పైచెక్కను ఈసారి వెలుతురు కనబడేంత పల్చగా చిత్రికపట్టింది. మరదలు ఫోన్ చేసి, "వదినా, ఆయన చొక్కా గుండీలు ఇప్పుడు నేనే పెడుతున్నాను," అని చెప్పి పెట్టేసింది. తొందరపెట్టడానికి ఆమెకు నోరు రాలేదు. ఆరు నెలల పని అక్క నాలుగు నెలల్లో ముగించింది.

చిన్న హాల్లో వాడి కచేరీ పెట్టారు. అక్క చివరి వరసలో కూర్చుంది. కొత్త గిటార్ గొంతు ఎక్కడా మూసుకోలేదు. మొదటి రెండు పాటల్లో పైస్వరాలు జల్లుగా రాలాయి. మూడోదాంట్లో చిటికెనవేలు నిలబడలేదు. వాడు ఆ స్వరాల వరసనే ఎగరగొట్టి, దరువుతో కప్పేసి ముందుకు పోయాడు. జనం చప్పట్లు కొట్టారు. వాడేం వదిలేశాడో ఆ హాల్లో తెలిసింది అక్క ఒక్కదానికే.

ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లో వాయించాడు. ఓ పొద్దున గిటార్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "గోడకు తగిలించకు, అక్కా. ఎవరికన్నా ఇచ్చెయ్. మోగకపోతే చెక్క మొద్దుబారిపోతుంది."

"నేనివ్వను."

"ఇస్తావు. నాకోసం ఇస్తావు."

పొట్టి వేళ్లున్న ఒక నర్సుకు ఇచ్చారు. తీసుకుపోతుంటే వీధి మలుపు తిరిగేదాకా వాడు చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు వాడు రోజూ కార్ఖానాకు వస్తాడు. కుడిచేత్తో ఉప్పుకాగితం రుద్దుతాడు. ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంటుంది. నిండుది తీసుకోవాలా, కటవే తీసుకోవాలా అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. "ఏదీ, ఎడమచెయ్యి ఇలా ఇవ్వండి," అని తన కుడిచేతిలోకి తీసుకుంటాడు. వేళ్లు విప్పి చూస్తాడు, చాపి చూస్తాడు, బొటనవేలి పక్క కండను మెల్లగా నొక్కి చూస్తాడు. అవసరమైనదాని కంటే ఎక్కువసేపే పట్టుకుంటాడు. అంతసేపూ అక్క తలెత్తకుండా చిత్రిక పడుతూనే ఉంటుంది.