రెండో చుక్క

పొద్దున్నే ఆఫీసుకి రాగానే ఆమె చేసే మొదటి పని కీబోర్డు తిరగేసి దులపడం. రాలినవి చూసి, "నిన్న నా సీట్లో కూర్చుని బిస్కెట్లు తిన్నదెవరు?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. ఎవరూ ఒప్పుకోరు. ఆఫీసులో ఆమెని తప్పులమ్మాయి అంటారు. కోపంతో కాదు, ఆమె ఉద్యోగమే అది. ప్రోగ్రాం రాసేవాళ్లు రాసి పారేస్తారు, ఈమె దాన్ని అటు నొక్కి ఇటు లాగి, ఎక్కడ పళ్లికిలిస్తుందో పట్టుకుని చెబుతుంది. జీతమిచ్చి మరీ వంకలు పెట్టమంటే ఎవరికి చేదు చెప్పండి.

ఆ రోజుల్లో వాళ్లు చేస్తున్నది బస్సుల మ్యాపు. ఫోనులో తెరిచి రెండు వేళ్లతో సాగదీస్తే వీధులు పెద్దవవ్వాలి, దగ్గరికి లాగితే ఊరంతా కనపడాలి. అయితే పరీక్షించడానికి నిజం ఫోన్లు లేవు. ఉన్నవాటిని పై అంతస్తు వాళ్లు పట్టుకుపోయారు, పట్టుకుపోయిన వస్తువు తిరిగొచ్చిన దాఖలా ఆ ఆఫీసులో లేదు. అందుకని తప్పులమ్మాయి ఎమ్యులేటర్ మీద పనిచేసేది. అంటే కంప్యూటర్ తెర మీద కనిపించే ఉత్తుత్తి ఫోను. జేబులో పెట్టుకోడానికి తప్ప మిగతా అన్నిటికీ పనికొస్తుంది.

దానితో ఒకటే చిక్కు. మౌస్ అంటే ఒక్క వేలు. మ్యాపు సాగదీయాలంటే రెండు వేళ్లు కావాలి. రెండో వేలు ఎక్కణ్నించి తెస్తాం? దానికో ఉపాయం ఉంది. కంట్రోల్ మీట నొక్కిపట్టుకుంటే తెర మీద రెండు బూడిదరంగు చుక్కలు వస్తాయి. ఒకటి మౌస్ మాట వింటుంది. రెండోది దానికి ఎదురు నడుస్తుంది. ఇది పైకెళితే అది కిందికి, ఇది కుడికి జరిగితే అది ఎడమకి.

మొదటిసారి ఆ మీట నొక్కి మ్యాపుని బాగా సాగదీసిన రోజు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే అక్కడ? మీ నాన్న ఎడం చెయ్యి మంచినీళ్ల గ్లాసు తోసేసింది."

"మ్యాపు పెద్దది చేస్తున్నానమ్మా."

"చేస్తే చేశావు, కాస్త నెమ్మదిగా చెయ్యి. దుప్పటంతా తడిసింది," అని అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆరేయడానికి వెళ్లి ఉంటుంది.

నాన్న సంగతి చెప్పాలి. ఆయన దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. కిటికీ పక్కన కుట్టు మిషను, గోడకి మేకు, మేకుకి కత్తెర, మెడలో ఎప్పుడూ టేపు. స్నానానికెళ్లేటప్పుడు కూడా టేపు తీయడని అమ్మ దెప్పుతుంది. కిందటేడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. మూతి సర్దుకుంది, మాట సర్దుకుంది, కాలు కూడా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ దారిలో పడింది. ఎడం చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెడితే ఒళ్లో, దిండు మీద పెడితే దిండు మీద, పెట్టినచోటే ఉండేది. కాళ్లతో మిషను తొక్కగలడు, కుడిచేత్తో చక్రం తిప్పగలడు. కానీ సూది కిందికి గుడ్డని నడిపించేది ఎడం చెయ్యి. అది లేకపోతే మిషను వట్టి చప్పుడు చేస్తుంది, అంతే.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఆవిడ ఏదీ దాచే రకం కాదు. "ఏ కాస్త కదలికైనా మొదలైతే చాలు, పట్టుకుని లాక్కొద్దాం. ఇలాగే ఊరుకుంటే మాత్రం చెయ్యి తన పని తను మర్చిపోతుంది. తర్వాత ఎంత బతిమాలినా రాదు," అంది. ఆమె వెళ్లాక నాన్న మిషను మీద దుప్పటి కప్పేశాడు. "కుట్టడం తప్ప నాకేం వచ్చు? ఇంక నేనెందుకు?" అన్నాడు. అలాంటి మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆ మాటకి తప్పులమ్మాయి పక్కగదిలోకెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

అలాంటి చెయ్యి గ్లాసు తోసేసిందంటే చిన్న విషయమా?

మర్నాటి నుంచి ఇంట్లో పద్ధతి మారింది. ఆమె మీట నొక్కే వేళకి అమ్మ నాన్న ముందు నుంచి గ్లాసులు, కళ్లజోడు, మందుసీసాలు తీసేసేది. మ్యాపు సాగదీస్తే నాన్న చెయ్యి పక్కకి జరిగేది, చుక్కలు దగ్గరికి తెస్తే గుండెల దగ్గరికి వచ్చేది. పక్కింటావిడ వచ్చి చూసి, "మీ అమ్మాయి ఆఫీసుకి చేరినట్టుంది," అని, పెరుగు తోడుకి అడిగి పట్టుకెళ్లిపోయేది. ఆఫీసులోనూ అంతే. ప్రోగ్రాం రాసే అతన్ని గడ్డంబాబు అంటారు. ఆమె మీట నొక్కిపట్టుకుని మధ్యలో ఆగితే, "నాన్నగారికి చెయ్యి నొప్పెడుతుందేమో, కాస్త వదులు తల్లీ," అనేవాడు. ఆమె వదిలేది.

వారం తిరక్కుండానే నాన్న మిషను మీద దుప్పటి తీయించాడు. అమ్మకి చొక్కాలాంటి కాలరున్న జాకెట్టు ఒకటి కుడతానని మొదలెట్టాడు. అమ్మ ఎన్నడూ కాలరు వేసుకున్న మనిషి కాదు. అయినా కాదనలేదు.

ఫోను స్పీకరులో పెట్టి పక్కన ఉంచుకునేవాళ్లు, ఇక్కడ ఈమె, అక్కడ ఆయన. మొదటిరోజు నాన్న, "ముందుకి జరుపు," అనగానే ఈమె మౌస్ ముందుకి తోసింది. గుడ్డ వెనక్కొచ్చింది. కుట్టు మీద కుట్టు పడి, దారం ముద్దగట్టింది.

"ముందుకంటే వెనక్కి లాగుతావేంటమ్మా!"

"నేను ముందుకే తోశాను నాన్నా. నీకు వెనక్కి వస్తుంది. అది ఎదురు నడుస్తుంది."

"చిన్నప్పుడు నువ్వూ ఇంతే," అన్నాడు నాన్న. మిషను పక్కన కూర్చుని కుట్లు విప్పుతున్న అమ్మ నవ్వడం ఫోనులోంచి వినపడింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో.

అప్పణ్నుంచి ఆయన ఎడమంటే ఈమె కుడికి జరిపేది, పైకంటే కిందికి. అలవాటైపోయి, ఓ సాయంత్రం ఆటోవాడు "ఎటు?" అంటే కూడా ఇంటికి ఎదురువైపు చూపించింది. పక్క కుట్లు అయ్యాయి. భుజాలు అయ్యాయి. మధ్యమధ్యలో మ్యాపు పని కూడా అయ్యేది, అది వేరే విషయం.

ఇదంతా బానే ఉంది గానీ, తప్పులమ్మాయికి అలవాటు ఊరుకోనివ్వలేదు. రెండో చుక్క తిన్నగా నడవడం లేదని ఆమె కనిపెట్టింది. సన్నగా వణుకుతోంది. వణికేది ఏదైనా సరే ఆమె కంట పడిందంటే అయిపోయింది. ఆలోచించకుండా, చెయ్యి తిరిగిన పని కదా, "రెండో చుక్క కదలికలో వణుకు ఉంది, సరిచేయాలి," అని గడ్డంబాబుకి పంపేసింది. అతను పాపం ఎప్పుడూ లేనిది ఆ సాయంత్రమే సరిచేశాడు.

మర్నాడు చుక్క గీత గీసినట్టు నడిచింది. ఫోనులో మిషను చప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఈమే అడిగింది.

"ఎలా ఉంది నాన్నా?"

"కదులుతోందమ్మా. కానీ నా చెయ్యిలా లేదు."

"అదేంటి?"

"నిన్నటిదాకా కాస్త బరువు తెలిసేది. గుడ్డ గరుగ్గా తగిలేది. ఇవాళ ఎవరిదో చెయ్యి తెచ్చి నా భుజానికి తగిలించినట్టుంది. ఏమీ తెలీట్లేదు."

అప్పుడు వెలిగింది ఆమెకి. ఆ వణుకు ప్రోగ్రాంది కాదు, నాన్నది. ఆ చేతిలో ఆయనదంటూ మిగిలింది ఆ కాస్త వణుకే. దాన్ని తనే తప్పుగా లెక్కేసి, తనే తుడిపించేసింది. ఫోను పట్టుకునే లేచి గడ్డంబాబు దగ్గరికెళ్లింది.

"నిన్న సరిచేశారే, అది మళ్లీ పాడుచేయండి."

అతను గడ్డం గోక్కున్నాడు. "తప్పు తీసెయ్యమనే టెస్టర్లని చూశాను గానీ, తెచ్చి పెట్టమనేవాళ్లని నిన్నే చూస్తున్నాను. ఏమైంది?"

"ఆ వణుకు మా నాన్నది."

"అయ్యో, ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని అతను తింటున్న అరటిపండు పక్కనపెట్టి, అప్పటికప్పుడు పాతది ఎప్పట్లాగే పెట్టేశాడు. ఫోనులో నాన్న గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "ఆ, వచ్చింది," అన్నాడు.

ఇక కాలరొక్కటే మిగిలింది. కుట్టుపనిలో అసలు గండం అదే. తిన్నగా ఉండే గుడ్డని మెడ వంపులో ఒదిగించాలి. ఎడంచెయ్యి కాస్త తిప్పుతూ, కాస్త వదులుతూ, కాస్త నొక్కుతూ పోవాలి. మాటల్లో చెప్పి చేయించే పని కాదది. ఇద్దరూ ప్రయత్నించారు. ఆయన చెప్పడం, ఈమె ఎదురు జరపడం, ఈలోపు సూది దాటిపోవడం. అమ్మ కుట్లు విప్పడం, మళ్లీ మొదలెట్టడం. మళ్లీ ముడత. మళ్లీ విప్పడం. విప్పి విప్పి గుడ్డ అంచు పీచులేస్తోంది.

సరిగ్గా అప్పుడే ఓ పొద్దున మేనేజరు వచ్చి తీపికబురు చెప్పాడు. "కొత్త ఫోన్లు వచ్చేశాయి! రేపణ్నుంచి అందరికీ నిజం ఫోన్లే. ఆ ఎమ్యులేటర్లు ఇవాళ సాయంత్రం తీసేయండి, సర్వర్ మీద బరువు." అందరూ చప్పట్లు కొట్టారు. తప్పులమ్మాయి కొట్టలేదు. నిజం ఫోను మీద ఆమె రెండు వేళ్లూ ఆమెవే అవుతాయి. రెండో చుక్క ఉండదు. నాన్న చెయ్యి మళ్లీ ఒళ్లో పెడితే ఒళ్లో, దిండు మీద పెడితే దిండు మీద.

"ఇంకొన్నాళ్లు ఉంచకూడదా అండీ?" అంది.

"ఎందుకు? నిజంవి వచ్చాక ఉత్తుత్తివి ఎందుకమ్మా?" అన్నాడు మేనేజరు. ఆయన మాటలో తప్పేం లేదు. అదే ఆమె బాధ.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాన్న, "సరేలే. సాయంత్రందాకా ఉందిగా," అన్నాడు. "కాలరు పెట్టుకుందాం రా." మిషను చప్పుడు మొదలైంది.

ఆమె మీట నొక్కిపట్టుకుంది. చుక్కలు రెండూ వచ్చాయి. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద పడుతోంది, చుట్టూ అందరూ కొత్త ఫోన్ల డబ్బాలు విప్పుకుంటున్నారు. నాన్న ఎటు జరపాలో చెప్పలేదు. చెబుతాడని చూసి చూసి, ఆమే ఒక అంచనాతో మౌస్ మెల్లగా కిందికి లాగింది. రెండో చుక్క పైకెళ్లాలి. వెళ్లలేదు. ఉన్నచోటే కాసేపు వణికి, పక్కకి తిరిగింది. ఆమె మళ్లీ లాగింది. అది విననే లేదు. దాని దారిన అది చిన్న వంపు తిరిగి, ఆగి, మళ్లీ బయల్దేరింది.

గడ్డంబాబు డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. "రెండోది మాట వినట్లేదే. మీట ఇరుక్కుందేమో చూడు."

ఆమె మీట వదిలేసింది. చుక్కలు పోవాలి. పోలేదు. మౌస్ మీంచి కూడా చెయ్యి తీసేసింది. రెండో చుక్క నడుస్తూనే ఉంది, వణుక్కుంటూ, ఆగుతూ, మెడ వంపంత మేర. దాని వెనకాలే మొదటి చుక్క, ఇన్నాళ్లూ ముందు నడిచిన చుక్క, ఎవరూ తాకకుండానే ఎదురువైపు జరుగుతోంది. వెనకున్న మ్యాపులో వీధులు మెల్లగా తిరుగుతున్నాయి.

ఫోనులో అమ్మ గొంతు వినపడింది. "మెల్లగానే, మరీ అంత తిప్పకు. ఇప్పుడిప్పుడే బాగా పడుతోంది."

"నేను తిప్పట్లేదమ్మా."

"మరి?"

"నా చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి."

మిషను ఒక్కటే నడుస్తోంది, కొంచెం నడిచి ఆగి, మళ్లీ కొంచెం. చాలాసేపు ముగ్గురూ ఆ చప్పుడే విన్నారు. తర్వాత నాన్న మాట్లాడాడు. పనిలో ఉండగా ఎవరైనా పలకరిస్తే విసుక్కునే పాత గొంతు అది.

"బుజ్జీ, ఫోన్ పెట్టెయ్యమ్మా. వంపులో ఉన్నాను, మాట్లాడితే కుదర్దు."

ఆమె పెట్టేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, అయినా కన్నీళ్లు ఆగలేదు, మళ్లీ తుడుచుకుంది. గడ్డంబాబు ఎటో చూస్తూ నిలబడి, చివరికి మెల్లగా అడిగాడు.

"ఎమ్యులేటర్ ఉంచనా తల్లీ? మేనేజరుకి నేనేదో ఒకటి చెబుతాలే."

"వద్దండీ," అంది తప్పులమ్మాయి. "తీసెయ్యండి."