విదిలించని పొట్టేలు

మారెక్క వండిన తలకాయకూర వాసనకు చచ్చినవాడు కూడా లేచి కూర్చుని సంగటి ముద్ద అడుగుతాడని గుమ్మఘట్ట చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది మారెక్కే. అయినా కాదన్నవాడు ఇంతవరకు కనపడలేదు. గొర్రెల మంద పక్కన పుట్టి, మందతో తిరిగి పెరిగి, మందలున్న ఇంటికే కోడలై వచ్చిన మనిషి ఆమె. మాంసాన్ని సియ్యలనే ఆ ఇంట్లో ఆదివారమంటే సియ్యలు, పండగంటే సియ్యలు, చుట్టమొస్తే సియ్యలు, చుట్టం పోతే పీడ వదిలిందని మళ్ళీ సియ్యలు. సుంకులమ్మ తల్లి ఏ పరాకున ఉండి పంపిందో గానీ, అలాంటి ఇంట్లో మనవరాలు లహరి పుట్టింది.

ఆరేళ్ళ పిల్ల. మాంసం ముట్టదు. గుడ్డు ముట్టదు. గుడ్డు ఉడికిన గిన్నెలో కాచిన పాలు కూడా ముట్టదు. పోనీ కూరగాయలు తింటుందా అంటే వంకాయకు తొక్క ఉందంటుంది, బెండకాయ జిగురంటుంది, మునక్కాడ నమిలితే నార వస్తుందంటుంది. పప్పులో కరివేపాకు కనపడితే ఏరి పళ్ళెం అంచున పెడుతుంది. ఆవగింజ కనపడితే దాన్నీ పక్కనే కూర్చోబెడుతుంది. పిల్ల అన్నం తినేలోపు మంద మేతకు పోయి తిరిగొస్తుందని ఇంట్లో వాళ్ళ ఎగతాళి.

తలా ఒక వైద్యం చేశారు. తండ్రి గంగాధర్ మీల్‌మేకర్ అని నమ్మబలికి ఖైమా పెట్టి చూశాడు. తల్లి మల్లీశ్వరి గడ్డం పట్టుకుని బతిమాలింది. మారెక్క తమ్ముడు కుళ్లాయప్ప, ఎక్కడ పొయ్యి రాజుకుంటే అక్కడ తేలే మనిషి, "పోయిన జన్మలో బాపనయ్యోళ్ళ బిడ్డక్కా ఇది. దావ తప్పి మనింటికొచ్చింది" అని తేల్చేసి, పిల్ల వాటా ముక్కలు తన పళ్ళెంలో వేసుకున్నాడు.

అయినా ఒక చేతి ముద్దకు మాత్రం లహరి వంక పెట్టేది కాదు. ఊరిబిండి పచ్చడి అద్దిన సంగటి ముద్ద అవ్వ చేత్తో పెడితే అడక్కుండానే నోరు తెరిచేది. ఇల్లంతా ఓడిపోయిన చోట తాను గెలిచానని మారెక్కకు లోలోపల పెద్ద గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది. ముక్క కంటికి కనపడితేనే కదా గోల అనుకుని, ఒక ఆదివారం బొమికల రసం రెండు గరిటెలు పప్పులో కలిపి పెట్టింది. రెండు ముద్దలు మింగిన పిల్ల ఆగి అవ్వ చేతి వంక చూసింది, అవ్వ ముఖం వంక చూసింది. అరవలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకుంది. ఆ రోజు నుంచి అవ్వ చేతి ముద్ద కాదు కదా, అవ్వ ముంచిచ్చిన నీళ్ళు కూడా తాగలేదు. బళ్ళో ఇంత పప్పన్నం, ఇంట్లో గుప్పెడు బొరుగులు. పిల్ల పుల్లలా తయారైంది.

మారెక్క లోపల కుమిలిపోయింది. తప్పు తనదని తెలుసు. కానీ తెలిసిన తప్పు ఒప్పుకోవడం ఆ ఇంటావంటా లేదు. అందుకని సంగతి దేవత మీదికి తోసింది. సుంకులమ్మ గుడికి పోయి, "నా మనవరాలు సియ్యలు తిని మనిషైతే నీకు పొట్టేలు ఇస్తా తల్లీ" అని మొక్కింది. పిల్ల మాంసం తినడానికి దేవతకు మాంసం లంచం. ఇందులో తిరకాసు ఏమిటో ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. "తీరేదాకా ఎందుకక్కా, జాతరకే ఇచ్చేస్తే తల్లి సంతోషపడి బిరీన చేస్తుంది" అని కుళ్లాయప్ప సలహా ఇచ్చాడు. తల్లి సంతోషం మీద అతనికి అంత శ్రద్ధ.

మందలోంచి నల్లమూతి పొట్టేలును ఎంచి పెరట్లో గుంజకు కట్టారు. ఆ సాయంత్రం దాని వెన్ను నిమురుతూ మారెక్క మొక్కు పద్ధతి అందరికీ వివరించింది.

"నెత్తిన నీళ్ళు పోస్తే ఒళ్ళు ఇదిలించల్ల. ఇదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. లేకుంటే కత్తి ఎత్తేకి లేదు. మా పుట్టింట్లో ఒకటి ఇదిలించకపాయ. ఇడిసిపెడ్తిమి. ముసిలిదై సచ్చింది అది."

లహరి బొరుగులు నమలడం ఆపి వింది. పప్పు గొడవ తర్వాత ఆ పిల్ల అవ్వ మాట చెవిన వేసుకోవడం అదే మొదలు. దారికొస్తోందని మారెక్క పొంగిపోయింది.

మర్నాటి నుంచి పిల్లకు కొత్త పిచ్చి పట్టింది. స్నానం గుంజ దగ్గరే, పొట్టేలు పక్కనే చేస్తానని పట్టు. కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని ఊరు. "బానలో నీళ్ళు యాడికి పోతాండాయో అర్థమే కాలేదత్తా" అని మల్లీశ్వరి మొత్తుకుంది.

"పోనీలేమ్మే. తిండికి పెట్టే పేచీ నీళ్ళకాడ పెట్టుకోనీ" అంది మారెక్క. పొట్టేలు కూడా లహరి చేత్తో పెట్టిన చెనక్కాయ కట్టె, ఆ ఎండిన వేరుశనగ తీగ తప్ప వేరే మేత ముట్టడం మానేసింది. అందులోనూ ఆకు తిని కాడ వదిలేసేది. ఇద్దరికీ బాగా కుదిరిందని ఇల్లంతా నవ్వుకున్నారు.

జాతర వచ్చింది. గుడి పక్క తుమ్మచెట్ల కింద చుట్టాలంతా చేరారు. మసాలా నూరారు, ఉల్లిగడ్డలు కోశారు, పిల్ల పేరు చెప్పి ఒక పక్కన రెండు పెద్ద గిన్నెల్లో పప్పు, వంకాయకూర పెట్టారు. కుళ్లాయప్ప అప్పుడే పొయ్యి అంటించి పెద్ద దబరాలో ఎసరు పెట్టేశాడు. పొట్టేలుకు పసుపు పూసి, వేపమండలు కట్టి గుడి ముందు నిలబెట్టారు. పలకలు మోగాయి. పూజారి తిప్పేస్వామి చెంబెడు నీళ్ళు దాని నెత్తిన పోశాడు.

పొట్టేలు కళ్ళు మూసుకుంది. అంతే.

ఇంకో చెంబు పోశాడు. పొట్టేలు మెడ పక్కకు వంచి, ఇటు కూడా పొయ్యమన్నట్టు రెండో వైపు ఇచ్చింది. బకెట్ తెప్పించి గుమ్మరించారు. హాయిగా నెమరు వేయడం మొదలుపెట్టింది. పలకలవాళ్ళు అలిసి ఆపేశారు.

"ఇంట్లో ఏదో తప్పు జరిగిందప్పా. ఒప్పుకోండి" అన్నాడు తిప్పేస్వామి.

అందరూ ఒప్పుకున్నారు, పక్కవాళ్ళ తప్పులు. అత్త దీపం మరిచిందని కోడలు, కోడలు గుడికి మైలబట్టలతో వచ్చిందని అత్త, చుట్టాల్లో ఒక బావ తాగొచ్చాడని గంగాధర్, మొక్కు ఆలస్యం చేశారని కుళ్లాయప్ప. పప్పు మాట మాత్రం మారెక్క ఎత్తలేదు. పొట్టేలు నెమరు వేస్తూనే ఉంది.

"అక్కా, నువ్వు చూడు. నీకు తెలీని పనా" అన్నాడు కుళ్లాయప్ప, మరుగుతున్న ఎసరు వంక దిగులుగా చూస్తూ.

తెలియకేం. చెవిలో రెండు చుక్కలు పోస్తే ఎంతటి పొట్టేలైనా తల విదిలించాల్సిందే. మందలు కాచిన ప్రతి ఇంటికీ తెలిసిన కిటుకు అది. మారెక్క చెంబు తీసుకుని వంగింది. పొట్టేలు మళ్ళీ సుఖంగా కళ్ళు మూసుకుంది, రోజూ స్నానం చేయించుకునే మనిషిలాగా. అప్పుడు తట్టింది మారెక్కకు బానలో నీళ్ళు ఎక్కడికి పోయాయో.

తల తిప్పి చూసింది. తల్లి కొంగు పట్టుకుని లహరి నిలబడి ఉంది. పొట్టేలు వంక చూడటం లేదు. అవ్వ చేతి వంక చూస్తోంది, ఆ పప్పు రోజు చూసినట్టే.

ఆరేళ్ళ పిల్ల ఇంతమందిని, దేవతను కూడా, మోసం చేసింది. ఎవరి దగ్గర నేర్చిందో వేరే చెప్పాలా. తాను పప్పులో కలిపితే అది మొక్కులో కలిపింది. మారెక్కకు నవ్వు వచ్చింది, సిగ్గూ వేసింది. రెండు చుక్కలు పోస్తే మొక్కు తీరుతుంది, పరువు నిలుస్తుంది, చుట్టాల కడుపు నిండుతుంది. ఆ పిల్ల నోరు మాత్రం ఈ జన్మకు తన చేతికి తెరుచుకోదు.

చెంబు నేల మీద బోర్లించింది. "తల్లికి ఇష్టం లేదు. తాడు ఇప్పండి."

"చెవిలో ఒక చుక్క పోసి చూడక్కా" అన్నాడు కుళ్లాయప్ప.

"నోరు మూసుకోరా. తప్పు నాదే. బిడ్డ పప్పులో బొమికల రసం పోస్తిని, దానికి చెప్పకుండా. అందుకే తల్లి ఒద్దంటాంది" అంది మారెక్క. అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

"అదొక తప్పా? ఇంగా రెండు గరిటెలు పొయ్యల్సింది" అంది చుట్టాల్లో ఒకామె.

ఆ పూట జాతరలో చుట్టాలంతా లహరి పప్పు, లహరి వంకాయకూర తిన్నారు. దినానికి కూడా ఇంతకన్నా మంచి తిండి పెడతారని సణిగారు. కుళ్లాయప్ప వంకాయ తొక్క ఒలిచి, కరివేపాకు ఒక్కొక్కటే ఏరి ఆకు అంచున పెట్టాడు. అంత పెద్దమనిషి చేస్తే దాన్ని ఎవరూ పేచీ అనలేదు.

మారెక్క సబ్బుతో చేతులు రుద్ది కడుక్కుని, పళ్ళెంలో సంగటి, పప్పు పెట్టుకుని ఒక పక్కన కూర్చుంది. పిలవలేదు. పిలవడానికి ధైర్యం చాలలేదు. కాసేపటికి లహరే వచ్చి ఎదురుగా కూర్చుంది. అవ్వ చేయి పట్టుకుని వేళ్ళు వాసన చూసింది, తిప్పి అరచేయి వాసన చూసింది.

"రసం?"

"లేదు పాపా. ఇంగెప్పుడూ పొయ్యను."

లహరి నోరు తెరిచింది. మారెక్క ముద్ద పెట్టింది. కళ్ళ నీళ్ళు పళ్ళెంలో పడకుండా మోచేత్తో తుడుచుకుంది.

పిల్ల నమిలి మింగింది. "ఉప్పెక్కువైండాదవ్వా" అంది. తర్వాత పక్కనే తుమ్మచెట్టుకు కట్టిన పొట్టేలును చూపించి, "దానికీ పెట్టు" అంది.

మారెక్క గంపలోంచి ఇంత చెనక్కాయ కట్టె తీసి చాపింది. పొట్టేలు ఆమె చేయి వాసన చూసి ముఖం తిప్పుకుంది.

"బాగుండాది తల్లీ నీ న్యాయం" అంది మారెక్క గుడి వైపు తిరిగి. "ఒక నోటికి సియ్యలు తినిపించమంటే, తినని నోరు ఇంగోటి ఇచ్చి పంపిస్తివి."