పనిగదిలో విల్లు

జమ్మలమడుగులో ఆ వీధికి పొద్దు తెలిసేది దస్తగిరి విల్లుతోనే. తెల్లవారి నమాజు చదివొచ్చి పనిగదిలో కూచుని కొయ్యతో నారిని కొడితే, దూలానికి వేలాడే విల్లు టుయ్యిమని మొదలయ్యేది. మధ్యాహ్నం నమాజు పిలుపు దాకా దూది ఏకుతూనే ఉండేవాడు. బయటికొచ్చేసరికి కూతురు మైమూన్ గడప పక్కన కాచుకోనుండేది. ఆయన గొంతుక్కూచుంటే, కనుబొమ్మల్లో చిక్కుకున్న పోగులు ఒక్కొక్కటే ఏరేది. ఎడమది ముందు, కుడిది తర్వాత. అదయ్యాకే తండ్రీ కూతుళ్ళు ఒక పళ్ళెంలో సంగటి తినేది.

మైమూన్‌కు ఎనిమిదేండ్లు. మాటలు తక్కువ. ఎవరి మొహంలోకీ చూడదు. ఏ పనైనా నిన్న జరిగినట్టే ఈ పొద్దూ జరగాల, లేకుంటే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేది. వీధిలో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు తాయెత్తు కట్టమన్నారు. దస్తగిరి మాత్రం, నా బిడ్డ కడుపులో గడియారముంది, మీకెవరికీ లేదు అని నవ్వేవాడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన ఏడాది, చలికాలంలో, దగ్గుతో పాటు రక్తం పడి ఆయన వారం తిరక్కుండానే చనిపోయాడు. జనమంటే, ఏడుపులంటే మైమూన్ తట్టుకోలేదని దస్తగిరి తల్లి హజరాబీ పిల్లను ముందే ఎర్రగుంట్లలో తన చెల్లెలింటికి పంపించింది. మైమూన్ తల్లి మాబున్ని మొగుని చెవి దగ్గర నోరు పెట్టి, నన్నిడిసి పోవద్దు అని ఒకటే మాట అంటా ఉండిపోయింది. మొగోళ్ళు వచ్చి ఆయన్ని ఎత్తుకునేదాకా అంటూనే ఉంది.

మూడో దినం గోరీ దగ్గర జియారత్ అయింది. నాలుగో దినం తెల్లవారి పనిగదిలో విల్లు మోగింది.

లోపల ఎవరూ లేరు. చాప మీద ఎవరూ కూచోలేదు. కొయ్య తనంతట తనే లేచి నారిని కొడుతోంది, దూది తనంతట తనే లేచి మెత్తగా పడుతోంది. వీధిలో ఎవరూ వింతపడలేదు. ఎదురింటి నాగేంద్రమ్మ గంప తెచ్చి, ఆయప్ప నా పరుపు దూది ఒప్పుకోనుండె, మిగిలింది ఈడ పెడతాండా అని గడప లోపల పెట్టి పోయింది. సాయంత్రానికి గంపెడు దూదీ ఏకి ఉంది.

మాబున్ని ఆ చప్పుడు వింటా పొయ్యి ముట్టించేది, ఆ చప్పుడు వింటా రోటి ముందర కూచునేది. మొగుడు పోయిన ఆడది పాటించే ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది దినాలు, తీరేదాకా ఆమె గడప దాటకూడదు. ఇంట్లో ఆ చప్పుడొకటి ఉంటే అంత దూరం ఈదొచ్చుననిపించింది.

ఎర్రగుంట్ల నుంచి మైమూన్ వచ్చింది. విల్లు మోగుతోంది. హజరాబీ నలభై దినాలు కొడుకు పేరున పళ్ళెం పెట్టాలని, మధ్యాహ్నం కాగానే సంగటి, ఊరిబిండి, ఆయనకు ఇష్టమైన బెల్లం ముక్క పెట్టి ఫాతిహా చదివించి ఫకీరుకు ఇచ్చేది. పిల్ల పళ్ళేన్ని చూసింది, విల్లును వినింది. నాయన యాడ అనింది. పనిలో ఉండాడమ్మా అన్నారు ఇంట్లో వాళ్ళంతా.

పనిలో ఉండాడంటే బయటికి రావాల. పిల్ల గడప పక్కన కూచుంది. ముద్ద పెడితే నోరు తెరవలేదు. బలవంతంగా గంజి పోస్తే సగం కక్కేది. పదిహేను దినాలకు చేతులు పుల్లలయ్యాయి. హజరాబీ ఆసుపత్రికి ఎత్తుకోని పోతే, ఇట్లే ఉంటే ఈ వారం దాటదు, చూసుకోండి అన్నారు.

ఆ మధ్యాహ్నం గుల్జార్‌బీ వచ్చింది. ఊళ్ళో చనిపోయిన ఆడోళ్ళకు కడపటి స్నానం చేయించేది ఆమే. పిల్లను చూసింది, పళ్ళేన్ని చూసింది.

"ఈ పిల్లకు చెప్పినారా?"

"దానికేం తెలుస్తాది? గుండె పగిలి పోతాది," అంది హజరాబీ.

"పిల్లకు అబద్ధమే అరగడం లేదు వదినా. మీరు పళ్ళెం పెడతాండారు, తినే మనిషి రాల్యా. అది మీకంటే తెలివిగల్లది, కాచుకోనుంది."

మాబున్ని లేచింది. పిల్ల చెయ్యి పట్టుకోలేదు, పట్టుకుంటే అరుస్తుంది. పనిగది తలుపు బార్లా తీసి పక్కకు నిలబడింది. మైమూన్ లోపలికి చూసింది. విల్లు ఊగుతోంది. చాప ఖాళీగా ఉంది.

"నాయన సచ్చిపోయినాడు, మైమూన్."

"పనిలో ఉండాడు. ఇనపడతాంది."

"అది విల్లు. నాయన కాదు. నాయన ఒళ్ళు పనిచేయడం నిలిచిపోయింది. ఊపిరి తీయడు. లేచి రాడు. రేపు రాడు, ఎల్లుండి రాడు, ఎప్పటికీ రాడు."

"ఆకలి?"

"కాదు. ఆయనకింక ఆకలి కాదు."

పిల్ల చాపకేసి చూసింది. "దూది ఎవరు ఏరినారు?"

"కడిగినారు. నీళ్ళు పోసి, మెల్లగా. ఒక్క పోగు ల్యాకుండా కడిగి మన్నులో పెట్టినారు."

"ఐతే అది ఎందుకు మోగుతాంది?"

దానికి జవాబు ఒక్క మాబున్ని దగ్గరే ఉంది. ఆమె తలుపు చెక్క పట్టుకుంది.

"నేను పోవద్దన్న్యా. అందుకు."

తర్వాత విల్లు వైపు తిరిగి, కాపురం చేసిన పన్నెండేండ్లలో ఏనాడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఇంకొకరింట్లో ఉన్నవాణ్ణి పిలిచినట్టు అనింది:

"చాలు. నిలిపెయ్యి. నువ్వు పో."

కొయ్య చాప మీద పడింది. విల్లు రెండు ఊపులు ఊగి ఆగింది. గాల్లో ఉన్న దూది మెల్లగా దిగింది. నాగేంద్రమ్మ తన వాకిట్లోకొచ్చి నిలబడింది. వీధిలో అందరూ తలుపుల్లోకొచ్చారు.

మైమూన్ పళ్ళెం ముందర కూచుని ముద్ద నోట్లో పెట్టుకుంది. అది మీ నాయనది అనబోయి హజరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి మధ్యాహ్నం పిల్ల ముద్ద చేతిలో పట్టుకుని అడిగింది. నాయన సచ్చిపోయినాడా? సచ్చిపోయినాడు. రాడా? రాడు. అప్పుడు తినింది. ఆ మరుసటి దినమూ అడిగింది. అవే మాటలు, అదే వరస. ఒక్క మాట తప్పినా తినదు. మాబున్ని దినానికొకసారి నోరు తెరిచి ఆ మాట అనాల్సిందే. మొదట్లో అనేటప్పుడు గోడ పట్టుకునేది. ఇద్దత్ తీరింది, ఎండాకాలం వచ్చింది, వానలొచ్చాయి, ఆమె అంటూనే ఉంది. పిల్లకు చెంపలు నిండాయి.

దసరా దాటినాక ఒకనాడు మైమూన్ అడక్కుండానే తినేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మాబున్ని ముద్ద పట్టుకుని కాచుకుంది. ఎవరూ అడగలేదు.

"సచ్చిపోయినాడు," అనింది తనకు తానే. "రాడు."

అప్పుడు తినింది.